కడియం లోపలి పసుపు

నా చిన్నప్పుడు మా అమ్మను పుట్టింటికి పంపేసి, నన్ను మాత్రం ఉంచుకోవాలని మా వాళ్ళు నిర్ణయించుకున్న రోజు ఒకటుంది. పోవాల్సింది ఆమె, ఉండాల్సింది నేను. మా ఇద్దరినీ ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ రోజు పులికాట్ సరస్సు ఒడ్డున, మా రేవులో, మా తాత ఒక విరిగిన ఇనప కడియాన్ని చేతిలో పట్టుకుని నిలబడకపోయి ఉంటే నేను తల్లి లేకుండా పెరిగేదాన్ని. అది చెప్పాలంటే ముందు మా నాయన చావు చెప్పాలి. నాయన చావు చెప్పాలంటే పసుపు సంగతి చెప్పాలి. ఏదైనా మొదలుపెడితే ఇట్లాగే వెనక్కి వెనక్కి పోతానని మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. తిన్నగా చెప్పడానికి ఇదేమైనా బడి పాఠమా!

మాది సరస్సు ఒడ్డున చిన్న పాలెం. ఎదురుగా, నీళ్ళకు అవతల, పచ్చటి గీత గీసినట్టు చెట్లు కనిపించేవి. అది శ్రీహరికోట. ఇప్పుడు అక్కడ రాకెట్టు లేస్తే నాయుడుపేటలో జనం మేడలెక్కి చూస్తారు. అప్పుడు మాకు అది ఒట్టి చెట్ల గీత. ఆ గీత మసకబారితే గాలి వస్తుందని, పడవలు తొందరగా తిరిగి రావాలని గుర్తు.

మా ఇంటికి ఒక తెరచాప పడవ ఉండేది. తాత చేయించాడు, నాయన నడిపేవాడు, చిన్నాయన అతనికి తోడు పోయేవాడు. ఆ పడవ మీదే మా ఇల్లు తినేది. పడవ నడుమ నిలువుగా ఒక పొడుగాటి కొయ్య, కొయ్య తలకు ఒక ఇనప కడియం. ఆ కడియానికి కప్పీ వేలాడుతుంది, కప్పీలోంచి మోకు పోతుంది, మోకు చివర అడ్డకర్ర, అడ్డకర్రకు తెరచాప. అంటే గాలి పట్టిన చాప బరువంతా చివరికి ఆ ఒక్క కడియం మీద పడుతుంది. చాలా చిన్న వస్తువు. నా చేతికి గాజులాగా వేసుకుంటే జారిపోయేంత, అంతే.

ఏటా ఆయుధపూజ నాడు ఆ కొయ్యను పైకి పీకి, ఒడ్డున కత్తెర కర్రల మీద పడుకోబెట్టేవాళ్ళు. ఇంటి పెద్ద ఆడమనిషి నువ్వులనూనెలో పసుపు కలిపి కడియానికి పట్టించి కుంకుమ పెట్టేది. మా రేవు పద్ధతి ఏమిటంటే పాత పసుపు తీయరు. దాని మీదే కొత్తది పూస్తారు. పడవ పుట్టిననాడు పెట్టిన పసుపు దాని ఒంటి మీద ఎప్పటికీ ఉండాలని వాళ్ళ నమ్మకం. ఏడాది మీద ఏడాది, పొర మీద పొర పడి, ఉప్పుగాలికి నల్లబడి అది చింతచెట్టు బెరడులా తయారయ్యేది. ఎవరి కడియం మీద బెరడు ఎంత మందంగా ఉంటే ఆ పడవ అంత పెద్ద ముత్తైదువ. మా అవ్వకు మెడలోని పసుపుతాడు ఎంతో మా పడవ మీది ఆ బెరడూ అంతే. కింద ఇనుము ఎట్లా ఉందో చూసినవాళ్ళు లేరు. చూడాలని అనుకున్నవాళ్ళూ లేరు.

మా అమ్మ మెరక ఊరి నుంచి వచ్చిన మనిషి. వాళ్ళూ మా వాళ్ళే గాని, ఎప్పుడో చిత్తూరు వైపు పోయి శెనక్కాయ చేలల్లో కూలి చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళో ఆయుధపూజ అంటే ముందు తోముడు. గడ్డపార, కొడవలి, నాగలి కర్రు, అన్నీ చింతపండూ బూడిదా వేసి కొబ్బరి పీచుతో తోమి, మెరిసే ఇనుము మీద పసుపు పెడతారు. మా అమ్మకు ఆ తోముడు పిచ్చి మా ఇంటికి వచ్చాక కూడా పోలేదు. ఈ పిల్ల తోమితే గిన్నెలు సన్నబడిపోతున్నాయని మా అవ్వే అందరితో చెప్పి నవ్వేది. అప్పటికి వాళ్ళిద్దరికీ బాగానే ఉండేది.

ఆ ఏడు అవ్వ చేతి వేళ్ళు వాచి నొప్పులు. అందుకని పసుపు గిన్నె మొదటిసారి మా అమ్మ చేతికి ఇచ్చింది. అమ్మ నన్ను వెంట పెట్టుకుని రేవుకు వచ్చింది. పడుకోబెట్టిన కొయ్య తల దగ్గర గొంతుక్కూర్చుని, ఆ నల్లటి బెరడు చూసి మొహం చిట్లించింది. ఇంత మురికి మీద పసుపు ఎట్లా పెట్టేదని తనలో తాను అనుకుంది. నన్ను పంపి ఇంట్లోంచి కొబ్బరి పీచు, పిడికెడు బూడిద తెప్పించుకుంది. రుద్దడం మొదలుపెట్టింది. బెరడు పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోతుంటే కింద బూడిద రంగు ఇనుము బయటపడింది. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. కడియం సగం దాకా శుభ్రమైంది.

అప్పుడు అవ్వ వచ్చి చూసింది.

"ఏం చేస్తా ఉండావు మ్మే? పడవకు పసుపు తీస్తావా? మగోళ్ళు నీళ్ళ మీద ఉండే ఇంట్లో చేసే పనేనా ఇది?"

ఆమె గొంతుకు రేవంతా ఇటు తిరిగింది. పక్క పడవల దగ్గర ఉన్నవాళ్ళు పనులు ఆపి చూశారు. అమ్మకు ఏం తప్పు చేసిందో అర్థం కాలేదు. ఊరికే వదిలేసే రకం కూడా కాదు మా అమ్మ. ఇనుము కడగకుండా పూజ ఎట్లా చేస్తారని గొణుగుతూ మళ్ళీ పీచు ఎత్తింది. అప్పుడు తాత వచ్చాడు. కడియం వైపు చూశాడు. చుట్టూ ఉన్న జనం వైపు చూశాడు. వంగి, మా అమ్మ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, మెల్లగానే.

"చాల్లేమ్మా. వదిలెయ్. ఉండేది ఉండనీ."

అమ్మ వదిలేసింది. తోమిన వైపూ తోమని వైపూ కలిపి పసుపు పూసి కుంకుమ పెట్టి లేచింది. మా నాయన అక్కడే మోకులు చుట్టుకుంటూ ఇదంతా చూస్తున్నాడు. వాతావరణం తేలిక చేయడానికి, పాపం పడవకు ఈ ఏడు సగం స్నానమే దక్కింది అని నవ్వాడు. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. మా నాయన మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ నవ్వు మాత్రం చెవిలో ఉంది.

ఆ వారం దాటలేదు. ఒక మధ్యాహ్నం చెట్ల గీత మసకబారింది. నాయన, చిన్నాయన తిరిగి వస్తున్నారు. రేవు కనిపిస్తూనే ఉంది. గాలి ఒక్కసారి విసిరేసరికి చాప నిండి, కొయ్య తల మీద కడియం పుటుక్కున తెగింది. కప్పీ, అడ్డకర్ర, చాప అన్నీ ఒకేసారి కిందికి వచ్చాయి. అడ్డకర్ర మా నాయన తలకు తగిలింది. అతను నీళ్ళలో పడ్డాడు, అతని మీద చాప పడింది, పడవ ఒరిగి చాప మీద పడింది. అక్కడ నీళ్ళు నడుము లోతు. మా సరస్సు తెలిసినవాళ్ళకు ఆశ్చర్యం కాదు, చాలా చోట్ల అంతే లోతు. లేచి నిలబడితే చాలు, బతుకుతాడు. లేవలేదు. చిన్నాయన ఆ తడిసిన చాపను ఎత్తలేక ఎత్తలేక ఎత్తేసరికి అంతా అయిపోయింది. నడుము లోతు నీళ్ళలో మా నాయన చచ్చిపోయాడు. ఇన్నేళ్ళయినా నాకు అది మింగుడు పడదు.

తరువాత మొదలైంది అసలు కథ. ఇనుము ఎందుకు తెగిందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే జవాబు అందరికీ ముందే తెలుసు. పడవకు పసుపు తీసింది, తన పసుపు పోగొట్టుకుంది. ముందు నీళ్ళ బావి దగ్గర ఎవరో అన్నారు. తరువాత రేవంతా అన్నారు. చివరికి మా అవ్వ అంది. కొడుకు పోయిన మనిషి, ఎవరినో ఒకరిని పట్టుకుని కొరకకపోతే ఆమె కూడా బతికేది కాదేమో. ఇప్పుడు ఆమె మీద నాకు కోపం తగ్గింది. అప్పుడు మాత్రం ఆమె చేతి అన్నం కూడా నాకు చేదుగా ఉండేది.

మా అమ్మ వెనక గదిలో కూర్చునేది. ఏడుపు కూడా లేదు. కుడి అరచేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసుకునేది. నేను పోయి ఆ చేతిని పట్టుకుంటే లాగేసుకునేది. తన చెయ్యి తగిలితే నాకు కూడా ఏమైనా అవుతుందని భయపడింది. అందరూ అంటూ అంటూ ఉంటే ఆమె కూడా నమ్మేసింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. పాలెం అనుకోవడం వేరు. మా అమ్మ తానే అనుకోవడం వేరు.

కర్మలు అయ్యాక పాలెం పెద్దాయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చెడ్డవాడేమీ కాదు. కష్టాలకు ముందు నిలబడే మనిషే. ఆ ఆడమనిషి ఈ కప్పు కింద ఉండగా ఆ పడవ ఎక్కడానికి ఎవరూ రారు, చిన్నోడు ఒక్కడే పడవ ఎట్లా నడుపుతాడు, ఇల్లు ఏం తినాలి అని నెమ్మదిగా చెప్పాడు. చిత్తూరు వైపు కబురు పెడదామని, ఆమె అన్న వచ్చి తీసుకుపోతాడని, పిల్ల మన నెత్తురు కాబట్టి ఇక్కడే ఉంటుందని తేల్చారు. మా తాత స్తంభానికి ఆనుకుని కూర్చుని వింటున్నాడు. సరే అనలేదు, కాదనలేదు. కాదనని మనిషి ఒప్పుకున్నట్టే లెక్క అని ఆ వయసులో కూడా నాకు తెలుసు.

మా మామ రావాల్సిన రోజు పొద్దున నేను అమ్మ కొంగు వదలకుండా ఏడుస్తున్నాను. తాత వచ్చి నన్ను ఎత్తుకుని రేవుకు తీసుకుపోయాడు. అమ్మ మూట కట్టుకునేటప్పుడు నేను అడ్డం లేకుండా ఉండడానికని పెద్దయ్యాక అర్థమైంది. ఆయనకు రేవులో పని కూడా ఉంది. పడవను మళ్ళీ నీళ్ళ మీదికి పంపేముందు పైనుంచి కిందిదాకా అన్నీ విప్పి చూసి, పాడైనవి మార్చాలి. పడవను గూటానికి కట్టేశారు. కొయ్యను మళ్ళీ ఒడ్డున పడుకోబెట్టారు. కొత్త కడియం ఒకటి సూళ్లూరుపేట కమ్మరి దగ్గర చేయించి తెచ్చారు. అది గోనెపట్టా మీద నల్లగా, కొత్తగా పడి ఉంది.

నేను ఇసుకలో కూర్చుని ఎక్కిళ్ళు పెడుతున్నాను. తాత నన్ను ఊరుకో అనలేదు. తన పని తాను మొదలుపెట్టాడు. ముందు మోకులు. ఒక్కో మోకునూ చేతుల మధ్య పెట్టి పురి వెనక్కి తిప్పి, లోపల ఎట్లా ఉందో చూశాడు. పైకి నున్నగా, గట్టిగా ఉన్న మోకు ఒకటి పురి విప్పగానే లోపలినుంచి పొడి రాల్చింది. దాన్ని పక్కకు విసిరేశాడు. తరువాత ఇనప సామాను. కొక్కేలు, చీలలు, చుక్కాని కీళ్ళు అన్నీ విప్పి, గీకి, ఒక మూకుడులో లాంతరు కిరసనాయిలు పోసి నానబెట్టాడు. కాసేపయ్యాక తీసి, పొడి గుడ్డతో చెమ్మ లేకుండా తుడిచాడు. ఇంట్లోంచి తెచ్చిన ముగ్గుపిండి వాటి మీద పల్చగా చల్లాడు. అన్నింటినీ వరసగా పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సూస్తా ఉండు అన్నాడు.

నేను చూశాను. ఇనుమంతా తెల్లగా ఉంది. కొంచెం సేపటికి ఒక కొక్కెం మెడ దగ్గర తెల్లపిండిలో సన్నటి నల్లగీత ఒకటి మెల్లగా తేలింది. ఎవరూ గీయలేదు. ఇంకాస్త సేపటికి అది పొడుగైంది. నా ఏడుపు ఆగిపోయింది. పగులు ఉన్నచోట కిరసనాయిలు లోపలికి దూరి దాక్కుంటుందని, పైన తుడిచినా లోపల ఉంటుందని, పిండి పడగానే బయటికి వచ్చి పగులును చూపిస్తుందని తాత చెప్పాడు. పడుచువాడిగా ఉన్నప్పుడు చెన్నపట్నం రేవులో కూలిపని చేస్తూ నేర్చుకున్నాడట. మరి ఏటా ఎందుకు చేయలేదని అడిగాను. పిల్లలకు భయం ఉండదు కదా. తన తల్లి కడియం మీది పసుపుకు కిరసనాయిలు తగలనిచ్చేది కాదని, ఆమె పోయాక తనకే అలవాటు తప్పిపోయిందని అన్నాడు.

చివరికి తెగిన కడియం మిగిలింది. ఆ రోజు నీళ్ళలోంచి లాగిన చాపను ఎవరూ విప్పలేదు. కప్పీతో పాటు కడియం సగం ముక్క అందులోనే చుట్టుకుపోయి ఉంది. రెండో సగం కొయ్య తలకు బిగించి అట్లాగే ఉంది. తాత చాప విప్పి ఆ ముక్క తీశాడు. కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు, ఎండలోకి తిప్పాడు. దగ్గరి చూపు ఆయనకు అప్పటికే మందగించింది. నా చేతిలో పెట్టాడు.

"ఇదేం రంగు పాపా?"

పసుపు అన్నాను. పైన పసుపు ఉంటుంది కదా, అందులో చెప్పేదేముంది.

"పైన కాదు. ఇరిగిన మొగం సూడు. లోపల."

చూశాను. తెగిన చోట ఇనుము లోపలి ముఖం సగం దాకా ఒక రంగు, మిగతా సగం ఇంకో రంగు. ఒక సగం కొత్త తుప్పుతో ఎర్రగా ఉంది. రెండో సగం నల్లగా ఉండి, ఆ నలుపు మీద మైనంలా ఏదో గడ్డకట్టి ఉంది. గోరుతో గీకమన్నాడు. బొటనవేలి గోరుతో గీకాను. గోరు కింద పచ్చగా చేరింది. వాసన చూస్తే నువ్వులనూనె కంపు. లోపల కూడా పసుపే తాతా అని చెప్పాను. నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

తాత ఆ ముక్కను కొయ్య మీది సగానికి ఆనించి చూశాడు. ఒకవైపు పసుపు పల్చగా ఉంది, అది మా అమ్మ తోమి కొత్తగా పూసిన వైపు. ఇంకోవైపు బెరడు అట్లాగే మందంగా ఉంది. పల్చన ఆగిపోయి మందం మొదలైన చోటు నుంచి తెగిన చోటుకు తాత తన బొటనవేలు పెట్టి కొలిచాడు. ఆ వేలు వెడల్పు అంతే దూరం.

లేచి, ఆ ముక్క పట్టుకుని నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళ దాకా పోయి నిలబడ్డాడు. వీపు నా వైపు ఉంది. చాలాసేపు కదలలేదు. ఏం చేస్తున్నాడో నాకు తెలియలేదు. ఇప్పుడు ఆయన వయసు నాకు వచ్చాక తెలుస్తోంది. విసిరేస్తే సరిపోయేది. నేను చిన్నపిల్లను, నాకు అర్థం కాలేదు, ఇంకెవరూ చూడలేదు. కొత్త కడియం సిద్ధంగా ఉంది. మా అమ్మ పోయేది, పడవ నడిచేది, ఆయన పెద్దరికం ఆయనకు ఉండేది. నీళ్ళు ఆయన కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

ఆయన వెనక్కి తిరిగి వచ్చాడు. చిన్నాయనను పిలిచి, పెద్దాయనను పిలుచుకు రమ్మన్నాడు. మీ అమ్మను కూడా అన్నాడు. చిన్నాయన పోబోతుంటే ఆపి, మీ వదినెను కూడా అన్నాడు. చిన్నాయన నిలబడిపోయాడు. నాయన పోయిన నాటినుంచి ఆమెను రేవులో అడుగు పెట్టనివ్వడం లేదు కదా. తాత మళ్ళీ చెప్పలేదు, చూశాడంతే. చిన్నాయన పరుగెత్తాడు.

అందరూ వచ్చారు. రేవులో ఉన్నవాళ్ళు కూడా చుట్టూ చేరారు. అవ్వ కోపంగా వచ్చింది. మా మామ అప్పటికే బస్సు దిగి వచ్చాడేమో, అమ్మ మూట చంకలో పెట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడు. అమ్మ దూరంగా, దారి మొదట్లోనే ఆగిపోయింది. దగ్గరికి రమ్మని తాత చెయ్యి ఊపాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. తల ఎత్తలేదు.

తాత ముందు పిండి చల్లిన కొక్కెం పెద్దాయన చేతిలో పెట్టి, ఆ గీత ఏమిటో చెప్పాడు. ఇది మా పడవదే, మీ పడవలకూ ఇట్లాంటివి ఉంటాయి, చూసుకోండి అన్నాడు. తరువాత కడియం ముక్క ఇచ్చి, నన్ను అడిగిందే ఆయననూ అడిగాడు. పెద్దాయన ముక్కను అటూ ఇటూ తిప్పి, లోపల పసుపు ఉందన్నాడు.

"ఇనుము లోపలికి పసుపు ఎట్ల పోయిందప్పా?"

తాతే చెప్పాడు.

"పగులు ముందే ఉండాది. ఏండ్లుగా ఉండాది. మనం ఏటేటా దాని నోట్లో పసుపు పోసి మూసినాము. నా కోడలు ఆ పొద్దు గీకతా వచ్చింది. ఇంకొక్క బొటనవేలంత గీకుంటే బయటపడుండు. సెయ్యి పట్టుకోని ఆపినోడు నేను. ఇనుము గీకి సూడాలని తెలిసినోడు ఈ రేవులో నేనొక్కడే. తెలిసీ ఆపినాను. నా కొడుకును సంపింది ఆమె సెయ్యి కాదు, నా సెయ్యి."

చెప్పి ఆ కుడి చేతిని అందరి ముందూ చాపాడు. పెద్దాయన తల తిప్పుకున్నాడు. అవ్వ వచ్చి ఆ ముక్క లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తను కలిపిన పసుపు, తను పోసిన నూనె ఆమెకు తెలియకుండా ఉంటాయా. అట్లాగే ఇసుకలో కూలబడింది. ఎవరూ ఆమెను లేపడానికి పోలేదు.

అప్పుడు మా అమ్మ కదిలింది. తిన్నగా తాత దగ్గరికి వచ్చింది. నాయన పోయినప్పటి నుంచి ఆమె అంత నిటారుగా నడవడం నేను చూడలేదు. ఆ తెగిన చోటు చూసింది. కొయ్య మీది సగం చూసింది. తన పీచు ఆగిపోయిన చోట వేలు పెట్టింది.

"ఆ పొద్దు ఎందుకు ఆపినావు మామా?"

"రేవంతా సూస్తా ఉన్నింది. గొడవ ఎందుకులే అనుకున్నానమ్మా."

గొడవ ఎందుకులే! మా నాయన ప్రాణం ఆ రెండు మాటల కింద పడి పోయింది. ఏ పగ లేదు, ఏ పాపం లేదు, ఏ దేవుడి కోపమూ లేదు. నలుగురిలో ఆడవాళ్ళు పోట్లాడుకుంటుంటే చూడలేక ఒక మంచి మనిషి అన్న మంచి మాట. నాకు ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అంటే ఒళ్ళు మండుతుంది.

అమ్మ పర్వాలేదు మామా అనలేదు. నువ్వేం చేస్తావు అనలేదు. తన అన్న చంకలోంచి మూట తీసుకుని, ఆయనను తిరిగి పొమ్మంది. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. కుడి చెయ్యి. నేను పట్టుకుంటే ఈసారి లాక్కోలేదు. ఇంటికి పోయేదాకా నా వేళ్ళు నొప్పి పుట్టేట్టు పట్టుకుంది. నేను నొప్పి అనలేదు.

సాయంత్రం అన్నాల దగ్గర అవ్వ మా అమ్మ కంచాన్ని వెనక గదిలోంచి తెచ్చి వరసలో పెట్టింది. అంతే. క్షమించు అనే మాట మా ఇళ్ళల్లో ఎవరికీ నోరు తిరగదు. అయితే అవ్వ ఆ రోజు నుంచి తాతతో నేరుగా మాట్లాడటం మానేసింది. ఆయనతో ఏం చెప్పాలన్నా నాతో చెప్పించేది. కొడుకు పోయిన దుఃఖాన్ని ఒకరి మీదినుంచి తీసి ఇంకొకరి మీద పెట్టింది. దింపుకోవడం మాత్రం ఆమెకు చేతకాలేదు. తాత ఆ తరువాత పడవ ఎక్కలేదు. ఒడ్డున కూర్చుని ఇనుము చూసేవాడు, మోకులు చూసేవాడు. మిగతా పడవలవాళ్ళు ముందు జంకుతూ, తరువాత మామూలుగా తమ సామాను తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. బెరడు తీస్తే వాటిలో ఇంకో పడవ కడియం కూడా పగిలి ఉండటం చూశారు. దానితో ఇక ఎవరూ పసుపు గురించి వాదించలేదు.

మరుసటి ఆయుధపూజకు తాత రేవంతా చూస్తుండగా మా అమ్మను పిలిచి కొబ్బరి పీచు చేతికి ఇచ్చాడు. నువ్వే తోము, నిదానంగా తోము, ఎవరూ ఆపరు అన్నాడు. అమ్మ కొత్త కడియాన్ని చుట్టూ తోమింది. అవసరం లేనంత సేపు తోమింది. అందరూ నిలబడి చూశారు. ఆమె పీచు కింద పెట్టాకే తాత కిరసనాయిలూ ముగ్గుపిండీ తీశాడు. గీత ఏదీ తేలలేదని పెద్దాయన వంగి చూసి చెప్పాక, అవ్వ వచ్చి తన వాచిన వేళ్ళతో పసుపు పెట్టింది. అమ్మ పక్కకు జరిగి నిలబడింది. ఆమె ఇక పసుపు పెట్టకూడదు కదా. తోమడానికి పనికొచ్చిన చెయ్యి పెట్టడానికి పనికిరాదు. ఆ ఒక్కటీ మా తాత కూడా మార్చలేకపోయాడు.

తాతకు చివరి రోజుల్లో సేవంతా మా అమ్మే చేసింది. తినిపించింది, తుడిచింది. ఆయన కుడి చెయ్యి పట్టుకుని వేళ్ళకు నూనె రాసేది. ఆ చెయ్యి అంటే ఆమెకు కోపం పోయిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నేను నాయుడుపేటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంట్లో పండగ ముందు కోడలు పొయ్యి తోముతూ గంటలు గడుపుతుంది. ఆకలి మీద ఉన్న మా అబ్బాయి ఇక చాల్లే, వదిలెయ్ అని పెళ్ళాంతో అంటాడు. నేను మాత్రం ఎప్పుడూ అనను. పనిలో ఉన్న చేతిని మధ్యలో ఆపే అలవాటు నాకు లేదు. ఎదుటివాళ్ళు చెప్పేది నలుగురికీ నచ్చకపోయినా, గొడవయినా, పూర్తిగా చెప్పనిస్తాను, నేను చెప్పాల్సిందీ పూర్తిగా చెబుతాను. పెళ్ళిళ్ళలో, పంచాయతీల్లో నాకు నోటిదురుసు మనిషినని పేరు వచ్చింది. వస్తే రానీ.

పోయిన దసరాకు మా పాలెం వెళ్ళాను. తెరచాపలు తక్కువైపోయాయి, ఇంజన్ల పడవలు వచ్చాయి. అయినా ఒక పాత చాప పడవ కొయ్యను ఒడ్డున పడుకోబెట్టి ఉంచారు. కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు పిల్ల దాని కడియాన్ని పీచుతో తోముతోంది. మగవాళ్ళంతా చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆలస్యమవుతోంది కదా, ఇంకా ఎంతసేపని నేను కావాలనే ఒక కుర్రవాడిని అడిగాను.

"అట్ల అనకూడదవ్వా. ఇంటి కోడలే తోమాల, ఆమె సాలనేదాకా ఎవురూ ఆపకూడదు. మన పెద్దోళ్ళ కాలం నుంచి వచ్చే ఆచారం ఇది."

ఆచారమట. మా అమ్మ పేరు వాడికి తెలియదు. మా నాయన అక్కడ, ఆ కనిపించే నీళ్ళలోనే, నడుము లోతులో పోయాడని తెలియదు. చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ ఆ పిల్ల చేతి వైపు చూస్తూ ఉండిపోయాను. పీచు కడియం చుట్టూ తిరిగి, మొదలైన చోటికి వచ్చి, దాన్ని కూడా దాటింది. ఎవరూ ఆమె మణికట్టు పట్టుకోలేదు. ఈసారి సగం స్నానం కాదు నాయనా అనుకున్నాను, నిండా పోస్తున్నారు.